మా ఊరి బస్సు వెనక్కి నడిచిన రోజులు

మా ఊరు చిట్టమూరు మండలంలో రోడ్డు అయిపోయే చోట ఉంటుంది. ఆ తర్వాత రొయ్యల గుంటలు, తర్వాత ఉప్పు నేల, తర్వాత సముద్రం. కాబట్టి మా ఊరి మీదుగా ఎక్కడికీ పోవడం కుదరదు. మా ఊరికి వచ్చేవాళ్ళు మా ఊరికనే రావాలి. అలా వచ్చేవాళ్ళు తక్కువ. ఓట్ల ముందు నాయకులు, రోజూ బస్సు డ్రైవరు.

గూడూరు నుంచి వచ్చే ఆ బస్సు ఒక చిన్న ప్రైవేటు కంపెనీది. పొద్దున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు. ఊరి చివర ఒక బీడు ఉండేది. బస్సు అందులోకి దిగి, గుండ్రంగా ఒక చుట్టు చుట్టి, మొహం గూడూరు వైపు పెట్టుకుని నిలబడేది. ఆ బీడు ఊళ్ళో ఒక ఆసామిదని అందరికీ తెలుసు. ఆయన దాన్ని ఏనాడూ వాడుకోలేదు గనక అది బస్సుదేనన్న నమ్మకంలో ఉండేవాళ్ళం. కిందటేడు వేసవిలో ఆయన అందులో రొయ్యల గుంట తవ్వించాడు. పొక్లెయిన్ తవ్వుతుంటే ఊరంతా గట్టు మీద నిలబడి వేడుక చూశాం. నేనూ చూశాను. గుంటలో నీళ్ళు నిండాక గానీ, బస్సు ఇక ఎక్కడ తిరుగుతుందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు.

ఆ ఆలోచన కంపెనీకి మాకంటే ముందు వచ్చింది. తిప్పుకునే చోటు లేదు గనక బస్సు ఇకనుంచి మెయిన్ రోడ్డు మీద, క్రాస్ దగ్గరే ఆగుతుందన్నారు. క్రాస్ నుంచి ఊరికి రెండు కిలోమీటర్లు. బళ్ళు ఉన్నాయి కదా అన్నారు మగవాళ్ళు. ఆటో మాట్లాడుకుందాం అన్నారు ఆడవాళ్ళు. మా అక్క ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే రేవులో తుఫాను హెచ్చరిక ఎగరేసినట్టు.

మా అక్కకు ఎడమకాలు పోలియోది. కాలికి ఇనప కడ్డీల కాలిపర్ వేసుకుని నడుస్తుంది. గూడూరులో ఒక టైలర్ షాపులో జాకెట్లు కుడుతుంది. మోటారు మిషను కాబట్టి కుడికాలు ఒక్కటి చాలు. బస్సు ఊళ్ళోకి వస్తే ఆమెకు పని ఉంటుంది, క్రాస్ దగ్గర ఆగితే ఉండదు. నేను అదే గూడూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను కాబట్టి, గిరాకీ తక్కువున్న చోట సరఫరా ఎందుకు తగ్గుతుందో ఆమెకు వివరించగలను. వివరించలేదు. ఇంట్లో వంట ఆమే చేస్తుంది.

"నా బండి మీద దించుతాలే అక్కా" అన్నాను.

"దించేదానికి నేనేమన్నా గ్యాస్ సిలిండర్నా? ఈరోజు దించుతావు. రేపు నీకు జొరం. ఎల్లుండి నీకు పెండ్లి. బస్సుకు జొరమూ రాదు, పెండ్లీ కాదు. నాకు బస్సే కావాల."

మా బస్సుకు జ్వరం లాంటివి తరచూ వస్తాయన్న విషయం నేను ఎత్తలేదు.

కొత్త పద్ధతి మొదలైన సాయంత్రం నేనూ ఆమెతో బస్సులోనే వచ్చాను. క్రాస్ దగ్గర అందరూ దిగారు. అక్క కూర్చునే ఉంది. కంపెనీ అప్పటికే కండక్టర్లను తీసేసి టిక్కెట్ల పని కూడా డ్రైవర్లకే అప్పజెప్పింది. అందుకని ఆ డ్రైవరే లేచి వచ్చాడు.

"క్రాస్ వచ్చిందక్కా. దిగాల."

"నేను దిగేది ఊళ్ళో. ఇన్నేండ్లు నువ్వు దించింది కూడా ఆడనే గదన్నా."

"తిప్పుకునేదానికి చోటు యాడుండాది? గుంట తవ్వేసినారు గదా."

"తిప్పమని నిన్నెవరు అడిగినారు? ఈడ్నే తిప్పుకో. తిప్పుకుని వెనక్కి రా."

"రెండు కిలోమీటర్లు రివర్సా! వెనకాల చూసేదానికి కండక్టరు కూడా లేడే నాకు."

"మా తమ్ముడుండాడు. చదువుకున్నోడే. కుడీ ఎడమా తెలుసు."

నా నియామకం అలా జరిగింది. డ్రైవరు నవ్వాపుకోలేక "ఈ ఒక్కరోజే" అన్నాడు. దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కారు. బస్సు క్రాస్‌లో తిరిగి, వీపు ఊరి వైపు పెట్టుకుని బయల్దేరింది. దాన్ని చూస్తూ చేతులూపాలి కాబట్టి నేనూ వెనక్కే నడిచాను. ఎమ్మే చదివినవాళ్ళలో ఇలాంటి అవకాశం అందరికీ రాదు. చివరి సీటు కిటికీలోంచి తల బయటపెట్టి అక్క అరుస్తోంది: "రానీ, రానీ... కాలవ! ఎడం పక్క కాలవుండాదన్నా!"

ఆ ఒక్కరోజు వానలు పడేదాకా సాగింది. పొద్దునా సాయంత్రం బస్సు మా ఊళ్ళోకి వెనక్కే వచ్చేది. నాకు కాలేజీ ఉంటే ఇంకెవరో చేతులూపేవాళ్ళు. సంగతి ఆఫీసుకు తెలిసి, ఒక సాయంత్రం ఇన్‌స్పెక్టరు బస్సెక్కాడు.

"రివర్సులో యాక్సిడెంటైతే బాధ్యత ఎవరిదమ్మా?" అన్నాడు క్రాస్ దగ్గర.

"నడిచిపోతా నేను కాలవలో పడితే ఎవరిది సార్?"

ఆయన ఈ రివర్సు నడక ఎలా ఉంటుందో కళ్ళారా చూసి ఆఫీసుకు చెప్పాలనుకున్నాడో ఏమో, సరే పోనిమ్మన్నాడు. సగం దూరం పోయామో లేదో, ఊరి వైపు నుంచి లారీ ఎదురైంది. ఆ రోజు ఆ ఆసామి గుంటలోనే రొయ్యల పట్టుబడి. లారీ నిండా ఐసు, ఐసు నిండా రొయ్యలు. రెండు పక్కలా కాలవలు. తప్పుకునే దారి లేదు.

"బస్సు ముందుకు తియ్. క్రాస్‌కు పో. ఇంక ఈ ఆట చాలు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

అక్క బస్సు దిగి, మెల్లగా ముందు వైపుకు నడిచింది. కాలిపర్‌కు మోకాలి దగ్గర తాళం ఉంటుంది. దాన్ని టక్కుమని తీసి, బంపరుకు ఎదురుగా రోడ్డు మీద కూర్చుంది. టిఫిన్ బ్యాగు పక్కన పెట్టుకుంది. బస్సులోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే దిగి ఆమె వెనక కూర్చున్నారు. నేను నిలబడే ఉన్నాను. కొంతసేపటికి అది బాగాలేదనిపించి నేనూ కూర్చున్నాను.

లారీలోంచి ఆసామి పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మాయ్, లేమ్మా! చీకటి పడేలోగా సరుకు చేరాల. రొయ్యలు వాటంతట అవి నడిచిపోవు గదా!"

"నేనూ అంతే మామా."

ఆయన ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. ఇన్‌స్పెక్టరు డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ ముట్టించాడు.

"ఏం కావాలో చెప్పు" అన్నాడు ఆసామి.

"గుంటలో ఒక మూల. బస్సు తిరిగేంత. పట్టుబడి అయిపోయింది, ఎట్టాగూ గుంట ఎండగడతావు. గట్టు లోపలికి జరుపుకో."

"సరే, మాటిస్తుండా. లే."

"మాట వద్దు మామా. పొక్లెయినోడికి ఫోన్ చెయ్. స్పీకర్లో పెట్టి చెయ్."

చేశాడు. అటువైపు మనిషి "ఇప్పుడే గదా సామీ తవ్వింది, మళ్ళా పూడ్చేదా?" అని ఊరందరికీ వినపడేలా ఆశ్చర్యపోయాడు. అక్క కాలిపర్ తాళం వేసుకుని లేచింది. ఇన్‌స్పెక్టరు చెయ్యి అందించబోతే, "ఆ చేత్తో డ్రైవరన్నకు రైటు చెప్పండి సార్" అంది.

బస్సు క్రాస్ దాకా పోయి, లారీకి దారిచ్చి, మళ్ళీ వెనక్కి ఊళ్ళోకి వచ్చింది. ఆ సాయంత్రం చేతులూపింది ఇన్‌స్పెక్టరు. నాకంటే బాగానే ఊపాడు.

గట్టు జరిగింది. బస్సు ఇప్పుడు ఆ మూలలో తిరుగుతుంది, కొంచెం ఇరుకుగా. క్రాస్ దాకానే అన్న ఆర్డరును మాత్రం కంపెనీ ఈరోజుకీ రద్దు చేయలేదు. రద్దు చేయమని అర్జీ పెడదామా అని అక్కను అడిగాను.

"ఎందుకు? అడిగితే పంపించాల్నా వద్దా అని ఆలోచిస్తారు" అంది జాకెట్టుకు హుక్కులు కుడుతూ. "ఆలోచించే పని వాళ్ళకు మనమెందుకు పెట్టేది?"