రాని పన్ను రాయనన్న మా మరిది

ఏమర్రా, గోడ మీది ఫోటోలన్నిటి గురించీ అడుగుతారు. కోటు వేసుకున్నాయన ఎవరు, మీసాలాయన ఎవరు అని నా ప్రాణం తీస్తారు. తలుపు వెనకున్న ఫోటో గురించి ఒక్కరైనా, ఒక్కసారైనా అడిగారా? పైగా దాని మీద చొక్కాలు తగిలిస్తారు. వాడు మీ తాత తమ్ముడు, నా మరిది. తప్పు చేస్తే కుర్చీలోంచి లేపేశారట అని మీ నాన్నలు ఏదో చెప్పుంటారు. అది విని ఊరుకున్నారు మీరు. ఇప్పుడు నేను చెప్పేది వినండి.

వాడు మున్సిపాలిటీలో లెక్కల గుమాస్తా. ఏటా ఊరి బడ్జెట్ తయారుచేసేది వాడే. సంతకం పెద్దాఫీసరుది, చప్పట్లు సభ్యులవి, చాకిరీ వాడిది. ఆఖరి రోజుదాకా అంతా పెన్సిలుతోనే రాసేవాడు, అందుకని ఆఫీసులో వాణ్ణి ‘పెన్సిలు’ అనేవాళ్ళు. చెవి మీద ఎప్పుడూ ఒకటుండేది, స్నానానికి వెళ్ళినా తీయడం మర్చిపోయేవాడు. పెళ్ళి చేసుకోలేదు. మా ఇంట్లోనే వీధివైపు గదిలో ఉండేవాడు. మీ తాత నడుం పడిపోయి మంచం పట్టాక ఇల్లు గడిచింది మా ఇద్దరి జీతాల మీదే. నేను మున్సిపాలిటీ పురిటాసుపత్రిలో ఆయాని.

అప్పుడు ఊళ్ళో పెద్ద నూలు మిల్లు మూతపడింది. మొదటి ఏడు మిల్లు కట్టే పన్ను ఆగింది. రెండో ఏడు మిల్లు గేటు ముందు దుకాణాలు మూసేశారు. మూడో ఏటికి ఇళ్ళే ఖాళీ అయ్యాయి. ఖాళీ ఇంటికి పన్నెవడు కడతాడు? ఊరి రాబడిలో మూడోవంతు పోయింది. ఖర్చు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మిల్లు మూశారని కాలవల్లో బురద చేరడం మానుతుందా, కడుపుతో ఉన్నవాళ్ళు కనడం మానతారా?

ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు. వాడికో పద్ధతుండేది. దేనికి కోత పెట్టాలన్నా ముందు అక్కడికి వెళ్ళి ఒక రోజంతా కూర్చునేవాడు. నీళ్ళ పంపు దగ్గర ఒక రోజు, చెత్తబళ్ళ దగ్గర ఒక రోజు కూర్చుని, ఆ తర్వాత మా ఆసుపత్రికొచ్చాడు. పొద్దున్నే వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. కంగారుపడుతున్న మొగుడెవరో అనుకుని నర్సమ్మ అడిగింది.

“ఏ మంచం తాలూకయ్యా నువ్వు?”

“బడ్జెట్ తాలూకమ్మా.”

అందరం పడీపడీ నవ్వాం. మధ్యాహ్నానికి ఆ నవ్వు ఎగిరిపోయింది. మేం ఆరుగురు ఆయాలం. ఎవరెన్నిసార్లు వేణ్ణీళ్ళు మోస్తున్నారో, ఎవరెంతసేపు కూర్చుంటున్నారో వాడు కాగితం మీద గీతలు పెట్టుకుంటున్నాడు. నేనారోజు నిమిషం కూర్చోలేదు. ఇంటికొచ్చేసరికి పాదాలు వాచిపోయాయి.

పెద్దాఫీసరు వాడికి సులువు మార్గం చెప్పాడు. మిల్లు బాకీపడ్డ పన్నంతా ఈ ఏడు వసూలవుతుందని రాబడి కింద రాసెయ్యమన్నాడు. కాగితం మీద రాబడీ ఖర్చూ సరిపోతాయి, ఎవర్నీ పన్లోంచి తీసే బాధుండదు. మిల్లు యజమాని అప్పటికే యంత్రాలు అమ్ముకుని ఎటో పోయాడు. ఆ డబ్బు రాదని ఆఫీసు ప్యూనుకి కూడా తెలుసు. మా మరిది రాయనన్నాడు. ఆ ప్యూను పెళ్ళాం నాతోపాటే ఆయా, అలా నా చెవిన పడింది.

ఆ సాయంత్రం వాడొస్తే కంచం పెట్టలేదు.

“మిల్లు బాకీ వస్తుందని రాస్తే నీ చెయ్యి పడిపోతుందా?” అన్నాను.

“అది రాదు వదినా.”

“రాకపోతే రాకపోయింది. పెద్దాఫీసరే రాయమంటుంటే మధ్యలో నీకేం నొప్పి?”

“ఏడు నెలలు జీతాలొస్తాయి. తర్వాత ఇద్దామన్నా ఏమీ ఉండదు. అప్పుడాగేది ముగ్గురి జీతం కాదు, అందరిదీ. పంపుకి కరెంటు కూడా ఆగుతుంది.”

“ఏడు నెలలు నా పొయ్యి వెలుగుతుంది కదా, అది చాలు నాకు. ఇంతకీ ముగ్గురంటున్నావు, ఎవరా ముగ్గురు?”

వాడు చెవి మీది పెన్సిలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. “నిన్ను ఉంచి ఇంకొకరిని తీస్తే, వదిన్ని కాపాడుకున్నాడంటారు,” అన్నాడు.

నా తర్వాత చేరినవాళ్ళు ఇద్దరున్నారు. ఆ రోజు నేను కూర్చోలేదని వాడి గీతలే చెప్తాయి. అయినా ముందు కొట్టేసింది నన్నే. “మీ అన్నయ్య వింటున్నాడు, ఆ మాటేదో ఆయనకీ చెప్పు,” అన్నాను.  మీ తాత గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బడ్జెట్ వాడు రాసినట్టే సభలో ఒప్పుకున్నారు. నేను పదిళ్ళల్లో బట్టలుతికాను. వాడు జీతమంతా తెచ్చి అలమరలో పెట్టేవాడు, నేను తీసుకునేదాన్ని. కంచం పెట్టి పక్కకి పోయేదాన్ని. కూరలో ఉప్పు లేకపోయినా అడిగే ధైర్యం వాడికుండేది కాదు. ఆ ఏడు ఊళ్ళో ఒక్కరి జీతమూ ఒక్కరోజు ఆలస్యం కాలేదు. అది నేను పట్టించుకోలేదు.

చలికాలంలో ఒక పిల్ల ఆసుపత్రి వరండాలోనే కనేసింది. ఉన్న ముగ్గురు ఆయాలూ లోపల వేరే కాన్పుల దగ్గరున్నారు. బిడ్డ దక్కలేదు. ఆ పిల్ల తండ్రి ఆఫీసుకెళ్ళి, వీడి బల్ల ముందు కాసేపు నిలబడి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడట. ఆయన అనంది నేనన్నాను. నెలల తర్వాత మొదటిసారి నోరు విప్పి, “ముగ్గురు చాలన్నావుగా” అన్నాను. వాడు తింటున్నవాడు తింటున్నట్టే లేచాడు. ఆ తర్వాత చాలారోజులు ఆఫీసు నుంచి రాగానే ఆసుపత్రికి పోయి బకెట్లు మోశాడు. నర్సమ్మ ఎంత కసిరినా మానలేదు.

మరుసటేడు మళ్ళీ బడ్జెట్ వచ్చింది. రాబడి ఇంకా తగ్గింది. ఈసారి రాస్తాడనుకున్నాను, ఆ బిడ్డ మొహం చూసైనా. రాయలేదు. పెద్దాఫీసరు వాణ్ణి జననమరణాలు రాసే కిటికీలో కూర్చోబెట్టి, మిల్లు బాకీని వేరే గుమాస్తా చేత రాయించాడు. మా ముగ్గురినీ మళ్ళీ పన్లోకి పిలిచారు. నేను ఉతికిన చీర కట్టుకుని వాడి కిటికీ ముందు నుంచే నడిచి వెళ్ళాను. కావాలనే, చుట్టుదారైనా.

ఏడు నెలలు జీతమొచ్చింది. ఎనిమిదో నెల రాలేదు. తొమ్మిదో నెల పంపు ఆగింది, ఆసుపత్రికి నీళ్ళు బయటినుంచి మోసుకొచ్చాం. జీతం లేకుండానే ఏడాది చివరిదాకా చేశాం. అలమరలో వాడు పెట్టేది కూడా లేదు, వాడిదీ ఆగిందిగా. ఇల్లంతా పస్తులున్నాం. చూశావా వదినా అని వాడొక్కసారి అనుంటే తిట్టి ఊపిరి పీల్చుకునేదాన్ని. అనలేదు.

నువ్వన్నదే జరిగింది అని నేనొక్క మాట అనొచ్చు. మిమ్మల్నందర్నీ పొద్దస్తమానం తిట్టే నోరే ఇది, ఆ మాటకి మాత్రం పెగల్లేదు. ఈ నెల అందాం, జీతాలొచ్చాక అందాం అనుకుంటూనే పదకొండేళ్ళు ఒకే ఇంట్లో తిన్నాం. వాడా కిటికీలోనే పనిచేస్తూ పనిచేస్తూ జ్వరంతో పోయాడు. యాభై మూడేళ్ళు.