మిరపకాయలు మోసిన బెలూన్

మా సైన్సు మాస్టారు పోయారని సోమవారం పొద్దున ఫోనొచ్చింది. అప్పుడు కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాను.

హైస్కూల్లో ఆయన హీలియం పాఠం చెప్పే రోజున మేం ఇళ్ల నుంచి ఎండుమిరపకాయలు తేవాలి. ఆయన చీరాల నుంచి ఆటోలో, అందరూ నవ్వుతున్నా సరే, బెలూన్ పట్టుకుని దిగేవారు. దారానికి ఒక్కో కాయే కట్టి, చివర్లో తొడిమలు తుంచి సరిచేసేవారు. బెలూన్ పైకీ పోదు, కిందికీ రాదు.

"హైడ్రోజనైతే నిప్పు తగిలితే భగ్గుమంటుంది. ఇది ఎవరి జోలికీ పోదురా. గాలికంటే తేలిక, అంతే! ఇప్పుడు ఊదండి" అనేవారు. ఊదితే కాయలతో సహా కదిలేది. నాకు మార్కులు మాత్రం రాలేదు, అది వేరే సంగతి.

నా కూతురికి ఐదేళ్లప్పుడు దగ్గు పట్టుకుంది. కల్లాల కాలంలో మా దగ్గర దగ్గనివాడెవడు? మిరప ఘాటేలే అని రెండు రోజులు ఊరుకున్నాం. బుద్ధి గడ్డి తింది. మూడోరోజుకి గొంతు లోపల వాచిపోయి, పిల్ల డొక్కలెగరేస్తుంటే గుంటూరు ఆసుపత్రికి పరుగెత్తాం. మందు పనిచేసేదాకా ఆక్సిజన్‌లో హీలియం కలిపి పెడతామన్నారు డాక్టరమ్మ. బెలూన్లో గాలి నా బిడ్డకా! సంతకం పెట్టనన్నాను. బయటికొచ్చి మాస్టారికి ఫోన్ చేశాను.

"ఒరేయ్, మిర్చి యార్డు గేట్లో లారీలు ఇరుక్కుంటే సైకిలోడు సందులోంచి దూరిపోడూ? ఇదీ అంతే. వాపు తగ్గించేది మందే. ఈలోపు ఇరుకు దారిలో ఆక్సిజన్‌ని ఇది తేలిగ్గా లోపలికి పోనిస్తుంది. పోయి సంతకం పెట్టు. నేనొస్తున్నా."

పెట్టాను. ఆయన రైలు దిగి వచ్చేసరికి పిల్ల తేరుకుంది. మాస్కులోంచి "నాన్నా" అంది, పిచ్చుక గొంతుతో. హడలిపోయాను.

"గొంతేం పోలేదురా, హీలియంలో అలాగే వినిపిస్తుంది" అని ఆయన ఒకటే నవ్వు.

ఆ తర్వాత ఏటా కల్లాల వెంట తిరిగి, పిల్లలు దగ్గితే ఘాటనుకోవద్దని అందరినీ తిట్టేవారు. నడుం నొప్పికి ఒంగోల్లో ఎమ్మారై తీయించుకొచ్చి, రిపోర్టు సంగతి వదిలేసి, లోపలి అయస్కాంతాన్ని చల్లగా ఉంచేది ద్రవ హీలియమేనని గంటసేపు చెప్పారు. ఆయనకు ఒక్కసారైనా దండం పెట్టాలనుకుంటూనే ఉండిపోయాను.

నిన్న స్కూల్లో సంతాప సభ. తొమ్మిదో తరగతి చదువుతున్న నా కూతురు ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. బెలూన్ దారానికి మా కల్లంలో కాయలు కట్టింది. కిందికి దిగుతుంటే ఓ తొడిమ తుంచింది. బెలూన్ దాని ముఖానికెదురుగా నిలిచింది. గుండెల నిండా గాలి పీల్చి ఊదింది. ఎర్రటి కాయలు ఊగుతూ ఉంటే బెలూన్ మాస్టారు పాఠాలు చెప్పిన నల్లబోర్డు వైపు మెల్లగా సాగింది.