పీచ్ చెట్టుకు చలి

కొల్లాపూర్ అంటే మామిడి. పసిపోరగాన్ని అడిగినా చెప్తడు. అసొంటి ఊళ్లె కురుమూర్తికి పీచ్ పండు మీద మనసు వడ్డది. చలి దేశాల చెట్టేనట గాని, ఈ రకం మాత్రం జర తక్కువ చలికే కాస్తదని ఫోన్ల వీడియో చూసిండు. ఇగ ఆగుతడా మహానుభావుడు! పన్నెండు మామిడి చెట్లల్ల పదకొండు కొట్టేపిచ్చి ఇరవై పీచ్ మొక్కలు పెట్టిండు. పన్నెండోదాని కాడికి పోతే భార్య జోగులమ్మ కొంగు బిగించి అడ్డం నిలవడ్డది. కాపురానికొచ్చిన ఏడాది ఆమె చేతుల మీదుగ పెట్టిన చెట్టు అది.

"దీని నీడ వడి నా మొక్క ఖరాబైతుంది," అన్నడు కురుమూర్తి.

"ముందుగాల ఒక్క పండు చూపెట్టు. అప్పుడు నేనే గొడ్డలి అందిస్త."

రెండేండ్లు ఆకులే వచ్చినయ్, పువ్వు లేదు. ఇక్కడి చలి దానికి సాలుతలేదని మూడో చలికాలం కురుమూర్తికి సమజైంది. చేపల బండ్ల కాడ ఐసుగడ్డలు తెచ్చి ఇరవై మొదళ్లల్ల పేర్చిండు. ఆ వాసనకు ఊళ్లె పిల్లులన్నీ తోటలనే కాపురం పెట్టినయ్.

"మీ ఆయన చెట్లకు దుప్పట్లు గూడ కప్పుతడా అక్కా?" అని పక్క చేను రాధమ్మ పడిపడి నవ్వింది. జోగులమ్మకు సిగ్గుతోటి తల కొట్టేసినట్లయింది.

ఎండాకాలం మొదట్ల నిజంగనే ఒక్క పండు కాసింది! నిమ్మకాయంతదే, ఒక పక్క ఎర్రగ, ఒంటినిండ నూగు. తెల్లారంగనే కురుమూర్తి చెట్లు కొట్టే మాసయ్యను ఎంటవెట్టుకొచ్చి, జోగులమ్మను చెట్టు కాడికి తీస్కపోయిండు.

"చూసినవా? ఇగ గొడ్డలి అందియ్యి."

జోగులమ్మ మాటిచ్చిన మనిషాయె. మాసయ్య చేతుల గొడ్డలి అందుకున్నది గాని, మొగనికి ఇయ్యలేదు. తోటంత ఒకసారి కలెజూసింది.

"ఐసు ఇరవైటికీ ఏసినవ్ గదా?"

"ఏసిన."

"మరి గిదొక్కటే ఎట్ల కాసె?"

కురుమూర్తి తలెత్తి చూసిండు. ఆ మొక్క మీద మామిడి కొమ్మలు గొడుగు వట్టినట్లున్నయ్. కడమ పంతొమ్మిది ఎండల మాడుతున్నయ్. మాసయ్య జోగులమ్మ చేతులకెల్లి గొడ్డలి తీసుకొని ఇంటికి వోయిండు.

ఇప్పుడు తోట చూడనీకె ఎవరొచ్చినా కురుమూర్తి పాఠం మొదలుపెడ్తడు. "పీచ్ పెట్టాలంటే ముందుగాల మామిడి ఉండాలె. నీడ లేంది దానికి చలి దొరకది. ఇది కనిపెట్టింది నేనే!"

కొట్టేసిన మామిడి మొద్దు మీద జోగులమ్మ కూసొని అంతా ఇంటది. పాఠం అయినంక మెల్లగ అడుగుతది: "ఇరవై పీచ్ మొక్కలకు ఎన్ని మామిడి చెట్లు గావాలెనయ్యా?"

ఆ ఒక్కటి మాత్రం కురుమూర్తి చెప్పడు.