నేను మెచ్చినవాడు మంచాన పడ్డాడు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పెద్దలు చెప్పారు. ఆ పెద్దలెవరూ నన్ను చూసి ఉండరు. నా నోట మంచి మాట వచ్చిందంటే ఎవడో ఒకడి కాలో చెయ్యో విరగాల్సిందే. నాలుగేళ్ల కిందట ఈ నోటితోనే నా ప్రాణస్నేహితుడి బతుకును నడిరింగులో కూల్చేశాను. అదెలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వుతారని నాకు తెలుసు, మాచర్లంతా నవ్వింది. నవ్వలేనివాణ్ణి నేనొక్కణ్ణే.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. మాచర్ల బస్టాండు దగ్గర ట్రాక్టరు స్పేరు పార్టుల కొట్లో కౌంటరు చూసేవాణ్ణి. అది పొట్టకూటికి. నా అసలు హోదా వేరు. టీవీలో వచ్చే కుస్తీ షోలకు పల్నాడు మొత్తానికీ నేనే పండితుణ్ణని నా నమ్మకం. కొత్త కుర్రాడు రింగులోకి నాలుగడుగులు వేస్తే చాలు, వాడు ఛాంపియన్ అవుతాడో మూటాముల్లె సర్దుకుంటాడో చెప్పేసేవాణ్ణి. కొట్టుకొచ్చిన రైతెవరైనా "అయ్యో, ఎంత దెబ్బ తగిలిందో" అంటే జాలిగా నవ్వేవాణ్ణి.

"అంతా ముందే అనుకున్నది బాబాయ్. ఎవడు గెలవాల, ఎవడు ఏ కాలు పట్టుకొని ఏడవాల, మొత్తం రాసిపెట్టి ఉంటది. నమ్మేవోడు పిచ్చోడు" అనేవాణ్ణి. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

మా అభిమానులకు వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. పేరు ‘పల్నాటి పహిల్వాన్లు’. నలభై మందిమి ఉన్నాం, జన్మలో కుస్తీ పట్టినవాడు ఒక్కడూ లేడు. అడ్మిన్ హనుమంతు, లారీ డ్రైవరు. వారం వారం షో అవగానే అందులో మొదలయ్యే వాదన మళ్లీ షో వచ్చేదాకా ఆగేది కాదు. ఎవరు పైకొస్తారు, ఎవరికి అన్యాయం జరుగుతోంది, ఎవరికి బెల్టు ఇవ్వాలి అని మేము ఇక్కడ జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లం. ఆ కుస్తీవాళ్లకు మాచర్ల అనే ఊరుందనే తెలియదు.

చిక్కంతా నా మెచ్చుకోళ్లతో వచ్చింది. ఒక గడ్డం కుర్రాణ్ణి చూసి "రాబోయే పదేళ్లు ఈడివే" అన్నాను. మరుసటి వారమే వాడి భుజం జారింది. ఎర్ర ముసుగువాణ్ణి మెచ్చుకున్నాను, వాణ్ణి కంపెనీ ఇంటికి పంపేసింది. తాటిచెట్టంత ఇంకొకణ్ణి "ఈణ్ణి పడగొట్టే మొగోడు పుట్టలా" అన్నాను. వాడు తొమ్మిది సెకన్లలో వెల్లకిలా పడ్డాడు. అప్పటినుంచి గ్రూపులో నా పరువు ఎలా ఉండేదో చూడండి.

"కోటిగా, నీకు దణ్ణం పెడతా. టీవీలో మావోడికి ఆదివారం పందెం ఉంది. ఆడి పేరెత్తమాక" అని హనుమంతు.

"మంచోడే అంటన్నా కదన్నా."

"అందుకేరా భయం! నువ్వు మెచ్చినోడు మంచాన పడతన్నాడు. కావాలంటే అవతలోణ్ణి మెచ్చుకో."

నేను పైకి కొట్టిపారేసినా, లోపల ఎక్కడో పురుగు తొలుస్తూనే ఉండేది.

ఇక సుభానీ సంగతి. మా వీధివాడే, ఒకటో తరగతి నుంచి నా పక్కన కూర్చున్నవాడు. నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో రాళ్లు ఎత్తే పని. ఇద్దరు ఎత్తాల్సిన పలకను ఒక్కడే ఎత్తి పెట్టేవాడు. మిగతా మేమంతా సోఫాల్లో పడుకుని కుస్తీ చూస్తే, వాడు మాత్రం నిజంగానే హైదరాబాదు వెళ్లి, ఒక చిన్న కంపెనీలో మూడు నెలలు నేర్చుకుని వచ్చాడు. ఆ కంపెనీవాళ్లు ఊరూరా ప్రదర్శనలు వేస్తూ మాచర్ల హైస్కూలు గ్రౌండుకు వస్తున్నారని తెలిసిన రోజు, సుభానీ నేరుగా మా కొట్టుకొచ్చాడు.

"ఒరేయ్ కోటీ, నాకు విలన్ వేషం ఇచ్చారు. కోచ్ సారు కిందే కూర్చొని చూస్తాడంట. నచ్చితే ఎంబడే తీసకపోతారు, ఆణ్నుంచి టీవీ. నచ్చకపోతే ఇంక రాళ్లేరా. మా అమ్మతో కూడా అదే చెప్పా, ఇదొక్కసారేనని."

"ఏం చెయ్యాలంట?"

"దెబ్బ తగిలినట్టు జనాన్ని నమ్మించాల. నాకు అదొక్కటే రావట్లా. నువ్వు నేర్పాల."

లోకం నన్ను గుర్తించిన మొదటి క్షణం అది. రింగు ముఖం చూడనివాణ్ణి, ఏకంగా గురువునైపోయాను. పథకం మొత్తం నేనే వేశాను. ఆట మధ్యలో మోకాలు పట్టేసినట్టు సుభానీ కూలబడాలి. ఎదురాడే హీరో జాలిపడి చెయ్యి అందించాలి. ఆ చెయ్యి పట్టుకుని లాగి, దొంగదెబ్బ తీసి గెలవాలి. హీరోకూ ఇది నచ్చింది, కోచ్‌కు మాత్రం ముందే చెప్పలేదు. ఇక మోకాలి నొప్పి నేర్పడానికి మా ఇంట్లో సాక్షాత్తూ మా నాన్నే ఉన్నాడు. నెలరోజులు మేమిద్దరం వరండాలో కూర్చుని ఆయన నడకను చదివాం.

"చూడు, ముందు పళ్లు బిగిస్తాడు. ఆ తర్వాత గోడ పట్టుకుంటాడు. కాలు ఆఖర్న ఏస్తాడు" అని నేను చెప్పేవాణ్ణి.

"ఏందిరా ఎదవల్లారా, నడిస్తే చూస్తన్నారు? నేనేమన్నా కోడిపుంజునా?" అని మా నాన్న.

ఆయన వెనకాలే సుభానీ కూడా కుంటుకుంటూ వెళ్లేవాడు. మా అమ్మ ఇద్దరికీ కలిపి బామ్ డబ్బా ఇచ్చింది.

ప్రదర్శన రోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "కోటీ, నాకు ఒక్క మాటియ్యి. ఇయ్యాల నా గురించి మంచిమాట అనమాక. పైకి అనమాక, గ్రూపులో అనమాక."

"నువ్వు కూడా నమ్ముతన్నావా ఆ పిచ్చిమాటలు?"

"నమ్మట్లా. కానీ అనమాక."

ఒట్టేశాను. మధ్యాహ్నం దాకా ఆ ఒట్టును ప్రాణంలా కాపాడాను. అప్పుడు గ్రూపులో క్రోసూరువాడు ఒకడు "రాళ్లు మోసేవోడికి కుస్తీలేంది, ఈ ఎండలో మేం రావటమేంది" అని పెట్టాడు. నా రక్తం సలసల కాగింది. వేళ్లు వాటంతటవే కదిలాయి: "సుభానీ లాంటోడు పల్నాట్లో పుట్టలా. రాసిపెట్టుకోండి, రెండేళ్లలో ప్రపంచ ఛాంపియన్." పంపించాక నేనేం చేశానో అర్థమైంది. రెండు నిమిషాల్లో చెరిపేశాను. అప్పటికే ఇరవై ఏడు మంది చూశారు. హనుమంతు ఒక్కటే బొమ్మ పెట్టాడు, చేతులు జోడించి దణ్ణం పెట్టేది.

సాయంత్రం నాలుగింటికి గ్రౌండు నిండిపోయింది. ముందు వరసలో నేను, హనుమంతు, మా గ్రూపువాళ్లు పన్నెండు మందిమి. మా పని విలన్ను తిట్టడం. సుభానీ తల్లి మస్తానబీ పిన్ని మా వెనకే కూర్చుంది. పక్కగా కుర్చీలో కోచ్, ఒళ్లో పుస్తకం, చేతిలో పెన్ను.

సుభానీ నల్ల లాగుతో వచ్చి మైకు అందుకున్నాడు. "నాది గురజాల! మీ మాచర్లోళ్లకు కోడిని పెంచటం కూడా రాదు!" ఈ డైలాగు కూడా నాదే. వాడు ఫ్యాక్టరీ సుభానీ అని అక్కడ అందరికీ తెలుసు. ఆ పొద్దున వాడి చేత రాళ్లు దింపించుకున్నవాళ్లు కూడా ఉన్నారు. అయినా ఎప్పటిదో పల్నాటి యుద్ధం నాటి ఆ కోడిపందెం తగువు మా ఒంట్లో ఇంకా చల్లారలేదు కదా. గ్రౌండంతా ఒక్కసారిగా లేచింది. ఒక పెద్దాయన నిజంగానే చెప్పు తీశాడు. కోచ్ పుస్తకంలో ఏదో రాసుకున్నాడు, ముఖంలో నవ్వు కనిపించింది.

ఆట మొదలైంది. సుభానీ ఎలా ఆడాడంటే... వద్దులెండి, చెబితే మెచ్చుకున్నట్టవుతుంది. ఐదు నిమిషాలయ్యాక తాళ్ల మీదినుంచి దూకి, అనుకున్నట్టే కూలబడ్డాడు. పళ్లు బిగించాడు. తాడు పట్టుకున్నాడు. కాలు ఆఖరున వేశాడు. అచ్చం మా నాన్నే. ఒక్కటే కేక వేశాడు, గ్రౌండు మొత్తం నిశ్శబ్దమైపోయింది.

నెలరోజులు దగ్గరుండి నేర్పించినవాణ్ణి నేను. పథకం రాసినవాణ్ణి నేను. నమ్మేవాడు పిచ్చివాడని ఊరంతా చాటినవాణ్ణి నేను. ఆ క్షణంలో ఇవేవీ గుర్తుకు రాలేదు. ఒక్కటే గుర్తొచ్చింది, మధ్యాహ్నం పెట్టిన మెసేజి. నా నోరే వాణ్ణి కొట్టిందనుకున్నాను.

"అన్నా! నిజంగానే పోయింది మోకాలు! పట్టండన్నా!" అని అరిచి రింగులోకి దూకాను. జేబులో మా అమ్మ ఇచ్చిన బామ్ డబ్బా.

హీరో చెయ్యి అందించబోతూ ఆగిపోయాడు. సుభానీ పెదాలు కదలకుండా పలికాడు: "దిగరా! నాటకం రా!"

"నాకు తెలుసురా. అమ్మ భయపడుద్దని అట్టా అంటన్నావు."

"నువ్వు నేర్పిందేరా ఎదవా!"

"నొప్పికి ఏం మాట్లాడతన్నాడో కూడా తెలీట్లా! పట్టండి!"

అప్పటిదాకా వాణ్ణి బండబూతులు తిట్టిన పన్నెండు మంది పైకెక్కారు. మనూరివాడికి దెబ్బ తగిలితే చూస్తూ కూర్చునే అలవాటు మాకు లేదు. వాడు కొట్టుకుంటున్నా, తన్నుతున్నా ఎత్తి భుజాల మీద వేసుకున్నారు. చెప్పు తీసిన పెద్దాయనే కాళ్లు పట్టుకున్నాడు. ఉత్సవ విగ్రహాన్ని ఊరేగించినట్టు ఆటోలో ఎక్కించి ఆస్పత్రికి పంపించేశారు.

మస్తానబీ పిన్ని నా చొక్కా పట్టుకుంది. "ఒరేయ్ కోటిగా! నీకు బుద్దుందా? ఆడు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టటానికి రోజూ ఇట్టాగే కుంటేవోడు కదరా! నేను నమ్మలా, నువ్వెట్టా నమ్మావురా?"

అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. అయినా అక్కడితో ఆగితే ఇంత ఏడవాల్సిన పని లేదు. అసలు పాపం ఆ తర్వాత చేశాను.

కోచ్ నా దగ్గరకొచ్చాడు. వాళ్ల వ్యాను బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. "తమ్మీ, నువ్వు ఆ పోరని దోస్తువి కదా. హీరోకు గుడ సమజ్ కాలే. నిజం చెప్పు. వాని కాలికి నిజంగ తాకిందా, యాక్టింగా?"

నా పక్కన హనుమంతు నిలబడి ఉన్నాడు, చేతిలో ఫోను. గ్రూపులో వేయడానికి వేలు సిద్ధంగా పెట్టుకున్నాడు. "యాక్టింగు సార్" అంటే చాలు. కానీ అలా అంటే నేను నేర్పిన నాటకాన్ని నేనే నమ్మిన గొర్రెనవుతాను. పండితుణ్ణి కదా, పరువు అడ్డొచ్చింది.

"నిజమే సార్. మోకాలు పోయింది. నేను చూడగానే కనిపెట్టా" అన్నాను.

కోచ్ నిట్టూర్చాడు. "పాపం. ఈ వయసుల మోకాలు పోతే ఏం లాభం? అదే గనక యాక్టింగైతే, ఇప్పుడే వ్యాన్ల ఎక్కించుకొని పోదును. అట్ల నమ్మించేటోడు నాకు ఇంతవరకు దొరకలే." పుస్తకంలో ఏదో కొట్టేసి, వ్యాను ఎక్కాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు కొందరు. నేను వ్యాను పట్టుకున్నాను. వెనకాలే పరిగెత్తి కిటికీ మీద బాదాను. "సార్! నటనే సార్! నేనే నేర్పా! మా నాన్న నడక సార్ అది!"

ఆయన కిటికీలోంచి చెయ్యి చాపి నా తల నిమిరాడు. "దోస్తు కోసం అబద్ధం చెప్తున్నవ్. మంచోనివి తమ్మీ, నీలాంటోడు ఉండాలె." వ్యాను వెళ్లిపోయింది. జీవితంలో నన్నెవరైనా మెచ్చుకోవడం అదే మొదలు. మెచ్చుకోలు ఎంత పని చేస్తుందో ఆ రోజు నా ఒంటి మీద తెలిసింది.

గంట తర్వాత సుభానీ ఎక్స్‌రే కవరు ఊపుకుంటూ ఆస్పత్రి నుంచి నడిచొచ్చాడు. కాళ్లు రెండూ నిక్షేపంగా ఉన్నాయి. గ్రౌండులో రింగు విప్పేస్తున్నారు. జరిగింది మొత్తం చెప్పాను, కిటికీ దాకా చెప్పాను. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొడితే బాగుండును.

"పొద్దున ఒట్టేశావు కదా. మెచ్చుకున్నావా?" అని మాత్రం అడిగాడు.

"మధ్యానం... రెండు నిమిషాలేరా. డిలీట్ కొట్టా."

వాడు బడి మెట్ల మీద కూర్చుండిపోయాడు. ఎక్స్‌రే ఫొటో కోచ్‌కు పంపితే, అది ఇంకెవరి కాలిదోనని ఆయన నమ్మలేదు. మర్నాడు పొద్దున ఫ్యాక్టరీకి వెళ్లి మామూలుగానే పలక ఎత్తుకున్నాడు. నేను కొట్టు షట్టరు సగం దించుకుని లోపల కూర్చుని ఏడ్చాను. నవ్వుల కథలో ఇలాంటివి చెప్పకూడదంటారు. కానీ ఏడ్చాను.

గ్రూపులో నాకు పండిత పదవి పోయింది. నా పేరు పక్కన హనుమంతు ‘గొర్రె’ అని పెట్టాడు, నేను తీయించుకోలేదు. సుభానీ మాత్రం నెలకు పైగా మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు మా కొట్టు ముందు ఆగి "మీ నాన్న మోకాలు ఎట్టా ఉంది?" అని అడిగాడు. అంతే, మళ్లీ కలిశాం.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, నిన్న వాడు ఫోన్ చేశాడు. వచ్చే ఆదివారం నరసరావుపేటలో ఇంకో కంపెనీ ప్రదర్శన ఉంది. మళ్లీ విలన్ వేషమే, చూడటానికి ఇంకో కోచ్ వస్తున్నాడు. "నువ్వు రామాక. ఆ రోజు ఫోను కూడా ముట్టుకోమాక. నా గురించి ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలో తెలుసు కదా?" అన్నాడు.

తెలుసు. అందుకే కోటప్పకొండ వైపు తిరిగి, పాఠకులందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఎవరినీ మెచ్చుకోను. ఇక సుభానీ గురించి నా తిరుగులేని అభిప్రాయం కూడా రాసిస్తున్నాను. వాడు కుస్తీకి బొత్తిగా పనికిరాడు. వాడికి పడటం రాదు, లేవటం రాదు, కుంటటం అసలే రాదు. అలాంటి దరిద్రపు కుస్తీవాణ్ణి పల్నాడు ఇంతవరకూ కనలేదు. రాసిపెట్టుకోండి, చెరపను.