రాజుగారి ఎడమ చెయ్యి

1978లో విశాఖపట్నంలోని ఒక ప్రభుత్వ సంస్థలో ఫొటోగ్రాఫర్‌గా చేరాను. ప్రొబేషన్ పూర్తికావస్తున్న రోజుల్లో, నన్ను ఖాయం చేస్తూ సంతకం పెట్టాల్సిన జనరల్ మేనేజర్ గారికి బదిలీ అయింది. మీటింగు హాల్లో తగిలించడానికి ఆయన ఫొటో తియ్యమన్నారు. అది నచ్చితేనే సంతకం అని నవ్వుతూనే చెప్పారు గాని, నాకు మాత్రం నవ్వు రాలేదు.

నమూనా ఆయనే ఇచ్చారు. ఆయన గదిలో వేలాడే పాత రాజు బొమ్మ, రాగిరేకు మీద చెక్కి అచ్చేసింది. ఏ దేశపు రాజో ఆయనకీ తెలియదు. అలాంటి బొమ్మల్లో ఏదీ ఊరికే పెట్టరు. వెనక స్తంభం ఉంటే రాజ్యం కదలదని, పక్కన బల్లమీద కిరీటం ఉంటే నెత్తిన లేకపోయినా రాజు రాజేనని, చేతిలో దండం ఉంటే చెప్పినట్టు వినమని. మాకు స్తంభం ఆఫీసు వరండాలోనే దొరికింది. కిరీటం బదులు హెల్మెట్ పెట్టాం. దండం బదులు చుట్టచుట్టిన ప్లాను, బొమ్మలో ఉన్నట్టే ఎడమ చేతికిచ్చాను. మనిషి పొట్టి కాబట్టి కెమెరా నడుము ఎత్తుకి దించాను.

ఫ్రేము కూడా రాజుగారి ఫ్రేములాగే ఉండాలన్నారు. రాజు బొమ్మా, నేను తీసిన ఫొటో రెండూ పట్టుకుని వన్‌టౌన్‌లో పటాలు కట్టే గఫూర్ గారి దగ్గరికి వెళ్లాను.

"ఏటి బాబూ, ఈ రాజు కత్తి కుడిపక్క కట్టేడు? ఏ సేత్తో లాగుతాడు? మీ దొరదీ ఎడం సెయ్యేనేటి?" అన్నాడాయన.

అప్పుడు గాని నాకు తట్టలేదు. రేకు మీద ఉన్నదున్నట్టు చెక్కితే కాగితం మీద కుడి ఎడమలు తారుమారవుతాయి. చెక్కినవాడు పట్టించుకోలేదు, నేను చూసుకోలేదు. మర్నాడే వీడ్కోలు సభ. అధికారం ఎడమ చేత్తో పట్టుకున్నాడని హాలంతా నవ్వితే నా ఉద్యోగం గోవిందా.

పరుగున వెళ్లి, ఎన్‌లార్జర్‌లో నెగటివ్ తిరగేసి మళ్లీ ప్రింటు తీశాను. ప్లాను కుడి చేతికొచ్చింది. కోటు జేబూ కుడికొచ్చింది. అందులోని పెన్నును బ్రష్షుతో చెరిపేసి, జేబుని దేవుడికి వదిలేశాను.

సభలో ముసుగు తియ్యగానే ఆయన భార్య, "ఇదెవరండీ? మీ పాపిడి ఇటు కాదే!" అన్నారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మాత్రం దగ్గరికెళ్లి తేరిపార చూసి, ఇన్నేళ్లకి తన మొహం తనలా తీసినవాడు దొరికాడన్నారు. రోజూ అద్దంలో చూసుకునే మొహం అదే మరి. సంతకం ఆ సాయంత్రమే అయింది.

ఆ తర్వాత ఏ పెద్ద అధికారి ఫొటో తీసినా, ఇది ఎక్కువగా చూసేది మీరా, మిగతావాళ్లా అని ముందే అడిగేవాణ్ణి. మిగతావాళ్లే అన్నవారికి కూడా నెగటివ్ తిరగేసే ప్రింటు వేశాను. ఒక్కరూ వంక పెట్టలేదు.