కాలక్షేపం అని రాయరాక

ఫసలీ 1350 ఆజూరు నెలలో, అంటే ఇప్పటి లెక్కన 1940 అక్టోబరులో, హుస్సేనీ ఆలం దగ్గరి ఒక గల్లీలో ఉన్న తెలుగు గ్రంథాలయంలో స్త్రీల విభాగానికి నన్ను పరిచారికగా వేసుకున్నారు. వేసుకున్నారు అనడమే సరి. నేను అర్జీ పెట్టుకుని చేరిన ఉద్యోగం కాదు. అప్పటికి నాకు ముప్పై ఆరేళ్లుంటాయి. ఒక్క అక్షరం రాదు. ఊడవడం, బిందెలో నీళ్లు పట్టడం, పుస్తకాల దుమ్ము దులపడం నా పనులు. వీటన్నిటికంటే ముఖ్యమైనది పరదా పని.

గ్రంథాలయమంటే రెండు గదులే. ముందు గదిలో మగవాళ్లు చదువుకునేవారు. అక్కడే గ్రంథపాలకులు నరహరి పంతులుగారి బల్ల ఉండేది. వెనక గది ఆడవాళ్లకు, పిల్లలకు. రెంటికీ మధ్య గుమ్మానికి మందపాటి పరదా. వెనక గదికి వచ్చే ఆడవాళ్లు మగమనిషి చేతి నుంచి పుస్తకం అందుకోరు. వాళ్లు అడిగిన పేరు నేను వచ్చి పంతులుగారికి చెప్పాలి, ఆయన తీసిచ్చింది లోపలికి పట్టుకెళ్లాలి. చదువు రాని మనిషిని పెట్టుకోవడంలో ఒక లాభం ఉందని ఆయన తర్వాతెప్పుడో అన్నారు. పుస్తకం తెరుచుకుని కూర్చోదట.

పిల్లల కార్యక్రమం జుమ్మా నాడు ఉండేది. మా దగ్గర వారపు సెలవు శుక్రవారమే. పొద్దున పది నుంచి పన్నెండు దాకా ఇరవై మంది వరకు వచ్చేవారు, ఎక్కువ ఆడపిల్లలే. వచ్చినవాళ్లు ముందు చేతులు కడుక్కోవాలి, తుడుచుకుని నాకు చూపించాలి. తడి చేతితో పట్టుకుంటే అట్ట ఉబ్బుతుంది. తర్వాత పదమూడు, పద్నాలుగేళ్ల పెద్ద పిల్లల్లో ఒకరు కథ పైకి చదివేవారు, చిన్నవాళ్లు వినేవారు. ఆ మీదట పలకలు. ఆఖరున పుస్తకాల మార్పిడి. చిరిగిన పుస్తకం తిరిగొస్తే మైదా జిగురుతో అతికించడం పెద్ద పిల్లలకు నేర్పించేవాళ్లం. జిగురులో చిటికెడు మైలుతుత్తం కలపాలి, లేకపోతే పురుగు పడుతుంది. అది విషం కాబట్టి కలపడం మాత్రం నేనే చేసేదాన్ని.

పలకల వేళ నేను కూడా చిన్నపిల్లల వెనక కూర్చుని దిద్దడం మొదలుపెట్టాను. ఎవరూ కూర్చోమనలేదు, వద్దని కూడా అనలేదు. నా చేయి పట్టి దిద్దించింది రహీమా అనే పిల్ల. పన్నెండేళ్లు. తండ్రి లక్క గాజుల పనివాడు. ఇంట్లో తండ్రితో ఉర్దూ, దాదీతో, అంటే నాయనమ్మతో, తెలుగు. ఆ ముసలామెకు చూపు పోయింది, ఈ పిల్ల వారానికొక పుస్తకం తీసుకెళ్లి చదివి వినిపించేది. ఉపాధ్యాయురాలిగా రహీమాకు దయ తక్కువ.

"గిదేంది లచ్చక్కా? అ రాయమంటే ఆవు కొమ్ములు రాసినవ్" అనేది. చిన్నవాళ్లంతా నవ్వేవారు. నేను తుడిచి మళ్లీ రాసేదాన్ని.

రెండేళ్లకు గుణింతాలు వచ్చాయి. ఒత్తులు సరిగా రాలేదు. అయినా పంతులుగారు వెనక గది రోజ్‌నామ్చా నాకు అప్పగించారు. రోజ్‌నామ్చా అంటే దినచర్య పుస్తకం. తారీఖు, వచ్చినవారి సంఖ్య, జరిగిన పని, ఒక్కో రోజుకు ఒక్కో వరుస. వారం చివర ఆయన సంతకం. జుమ్మా నాటి వరుసలో "బాలికల కథా కాలక్షేపం" అని రాయాలని చెప్పారు. మా ఇళ్లలో ఆ మాట కాలచ్చేపం అనే పలుకుతాం. చెవికి విన్నట్టే రాశాను. ఒత్తు కూడా వదిలేశాను.

పంతులుగారు చూసి పగలబడి నవ్వారు. "లచ్చమ్మా, కాలచేపమేంది? మనది గ్రంథాలయమా, చేపల బజారా?" అన్నారు. ముందు గదిలో పత్రిక చదువుతున్న ఇద్దరు పెద్దమనుషులు కూడా నవ్వారు. ఆయన మనసులో చెడు లేదు. సరైన మాట రాసి చూపించారు కూడా. క, దాని కింద ష, పైన ఏత్వం. ఎంత చూసినా అది నాకు అక్షరంలా కనబడలేదు, ముడిపడిన దారంలా కనబడింది. మళ్లీ అడగడానికి సిగ్గేసింది.

తర్వాతి జుమ్మాకు నాకు వచ్చిన మాట వెతుక్కున్నాను. నలుగురు కూడి వినేదాన్ని సభ అంటారని తెలుసు. రెండే అక్షరాలు, ఒత్తు లేదు. "బాలికల సభ" అని రాశాను. పంతులుగారు చదవకుండా సంతకం పెట్టారు. అలా పదకొండు జుమ్మాలు.

ఆ రోజుల్లో ముందుగా ఇజాజత్, అంటే అనుమతి, లేకుండా ఎక్కడా సభ పెట్టకూడదని సర్కారు హుకుం ఉండేది. తెలుగు గ్రంథాలయాల మీద ఒక కన్ను ఉంటుందని అందరికీ తెలుసు. ఆ హుకుం గురించి నేనూ విన్నాను. అది మైదానంలో పందిరి వేసి ఉపన్యాసాలిచ్చే పెద్దవాళ్లకు సంబంధించినది అనుకున్నాను. నేను రాసిన రెండక్షరాలకూ దానికీ సంబంధం ఉంటుందని తోచలేదు.

పన్నెండో జుమ్మాకు ముందు రోజు పుస్తకం మార్చుకోవడానికి రహీమా వచ్చింది. ఎవరూ లేని వేళ చూసి ఆ ముడి అక్షరం నేర్పమని అడిగాను. "ముందు క రాయి. దాని కాళ్ల కింద ష కూసున్నది అనుకో. అంతే" అంది. ఒక గంట కూర్చోబెట్టింది. చివరికి కాలక్షేపం అని మూడుసార్లు తప్పు లేకుండా రాశాను. మర్నాడు రోజ్‌నామ్చాలో ఆ మాట రాయాలనుకున్నాను.

మర్నాడు పిల్లలు చేతులు కడుక్కుని కూర్చోగానే ముందు గదిలో బూట్ల చప్పుడైంది. ఠాణా అమీన్ సాహెబ్, అంటే అక్కడి పోలీసు అధికారి, తనిఖీకి వచ్చారు. వెంట మొహరీర్, అంటే ఠాణా రాతగుమాస్తా. అమీన్‌కు ఉర్దూ తప్ప రాదు. మొహరీర్‌కు తెలుగు వచ్చు. పంతులుగారు నన్ను రోజ్‌నామ్చా తెమ్మన్నారు. తెచ్చి బల్ల మీద పెట్టి పరదా పక్కన నిలబడ్డాను.

మొహరీర్ పేజీలు తిప్పాడు. వేలు ఒక వరుస మీద ఆగింది. వెనక్కి తిప్పాడు, మళ్లీ ఆగింది.

"జల్సా లిఖేలా హై సాబ్" అన్నాడు. సభకు ఉర్దూలో మాట అదే, హుకుంలో ఉన్న మాట కూడా అదే. "ఏక్ నై, గ్యారా జల్సే." ఒకటి కాదు, పదకొండు సభలని.

అమీన్ ఇజాజత్‌నామా చూపించమన్నారు. పంతులుగారు పిల్లలకు కథలు చదివి వినిపిస్తామనీ, దానికి ఇజాజత్ ఉంటుందని తెలియదనీ ఉర్దూలో చెప్పారు.

"కహానీ హై తో జల్సా కైకు లిఖే పంతులూ? దస్కత్ తుమారీచ్ హై నా?"

కథ అయితే సభ అని ఎందుకు రాశారు, సంతకం నీదే కదా అని అమీన్ ప్రశ్న. పంతులుగారు పుస్తకం తన వైపు తిప్పుకుని సంతకం చూసుకున్నారు. పరిచారిక రాసిందని ఒక్క మాట అంటే ఆయన బయటపడేవారు. అనలేదు. అమీన్ రెండు సంగతులు చెప్పారు. జల్సా అని తేలితే గ్రంథాలయానికి సీలు వేస్తారు, పంతులుగారు ఠాణాకు వచ్చి ముచ్చలికా, అంటే పూచీకత్తు పత్రం, రాసివ్వాలి. పరదా అంచు పక్కకు లాగి పిల్లలు చూస్తున్నారు.

నేను ముందుకు వచ్చాను. "నేనే రాసిన సాబ్. కాలక్షేపం అని రాయరాక సభ అని రాసిన."

మొహరీర్ అది అమీన్‌కు చెప్పి, నా వైపు తిరిగాడు. "సభ రాసినామెకు ఇది ఎందుకు రాదమ్మా?"

"దానికి కింద ఒత్తున్నది అన్నా."

అమీన్ నమ్మలేదు. రాయించి చూడమన్నారు. మొహరీర్ లోపలి నుంచి ఒక పలక తెప్పించి నా చేతికిచ్చాడు.

నిన్నటి దాకా ఆ మాట రాకపోయేది. ఈ రోజు వచ్చు. సరిగా రాస్తే నేను అబద్ధమాడినట్టవుతుంది, నాతో పాటు పంతులుగారు కూడా. నిన్ననే నేర్చుకున్నానంటే ఎవరు నమ్ముతారు? ఎక్కువ ఆలోచించే సమయం లేదు. కా రాశాను, ల రాశాను, చే రాశాను, పం రాశాను.

మొహరీర్ చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు. "మఛ్లీ లిఖీ సాబ్!" అన్నాడు, చేప రాసిందని. అమీన్ ముఖం కూడా కొంచెం సడలింది.

అప్పుడు పరదా సందులోంచి రహీమా గొంతు వచ్చింది. "గట్ల కాదు లచ్చక్కా! నిన్న మంచిగనే రాసినవ్ గద! క కింద ష!"

ఆ పిల్లకు రెండు భాషలూ సమానమే. ఆ మాట ఉర్దూలో అని ఉంటే అక్కడితో అయిపోయేది. పలకల దగ్గర తెలుగే మాట్లాడడం అలవాటు కాబట్టి తెలుగులో అంది. అది అర్థమైన పెద్దవాళ్లం ముగ్గురమే. పంతులుగారు కళ్లు మూసుకున్నారు. నేను మొహరీర్ వంక చూశాను. అతను పలక వంక చూస్తున్నాడు.

"క్యా బోల్‌రీ ఛోక్రీ?" అని అడిగారు అమీన్.

మొహరీర్ పలకను బల్ల మీద బోర్లించాడు. "కుచ్ నై సాబ్. ఇస్‌కీ ఉస్తానీ హై. గల్తీ పే డాంట్‌రీ."

అందులో అబద్ధమేమీ లేదు. నాకు గురువు ఆ పిల్లే, తప్పు రాసినందుకు కోప్పడుతున్నది. నిన్న అనే మాట మాత్రం అతను ఉర్దూలోకి తేలేదు. సభను జల్సా అన్నది కూడా ఆ నోరే. ఎందుకు వదిలాడో నాకు తెలియదు. తర్వాత కనబడినప్పుడు నేను అడగలేదు, అతనూ ఎత్తలేదు.

అమీన్ కేసు రాయలేదు. సీలు వేయలేదు. అయితే పేరు ఏదైనా ఇరవై మంది ఒకచోట కూడుతున్నారు కాబట్టి, రాతపూర్వకంగా ఇజాజత్ వచ్చేదాకా జుమ్మా కార్యక్రమం ఆపాలని అక్కడికక్కడే ఉత్తర్వు రాసి పంతులుగారితో సంతకం చేయించారు. ఈసారి పంతులుగారు మొదటి నుంచి చివరి దాకా చదివి పెట్టారు.

పిల్లల్ని పంపేటప్పుడు రహీమా నా దగ్గరికి వచ్చింది. "ఒక్క రాత్రికే మరిచినవా?" అంది. మరిచాననే చెప్పాను. నిజం చెబితే ఇంట్లో చెబుతుంది, ఇంట్లోంచి గల్లీలోకి పోతుంది. ఆమె పలక తీసుకుని ఆ అక్షరం పైనుంచి కిందికి నిండా రాసి ఇచ్చింది. "మల్ల జుమ్మాకు చూస్త. రాకుంటే చెవు పిండుత" అంది. కార్యక్రమం ఆగిందని ఆ పిల్లకు ఇంకా తెలియదు.

ఇజాజత్‌కు ఎనిమిది నెలలు పట్టింది. మొదటి అర్జీ తెలుగులో ఉందని తిరిగొచ్చింది. రెండోది చదవబోయే కథల ఫిరిస్తు, అంటే జాబితా, జతపరచలేదని తిరిగొచ్చింది. ఫిరిస్తు పంపితే ఒక్కో కథ సారాంశం ఉర్దూలో కావాలన్నారు. పంతులుగారు ఆ పని ఓపికగా చేశారు. ఆ ఎనిమిది నెలలూ జుమ్మా నాడు వెనక గది ఊడ్చి, నీళ్లు పట్టి, "ఎవరూ రాలేదు" అని రాసేదాన్ని.

మళ్లీ మొదలైన రోజు ఏడుగురు వచ్చారు. పెద్ద పిల్లల్లో ఒక్కరూ రాలేదు. ఆ వయసులో ఎనిమిది నెలలంటే కొందరికి పెళ్లి, కొందరికి ఘోషా. రహీమా ఇంటికి నేనే వెళ్లాను. వాళ్ల అమ్మ వాకిట్లోనే చెప్పింది. "ఇగ బయటికి పంపం లచ్చమ్మా. వాళ్ల నాయన ఒప్పుకోడు. గాజులకు రాళ్లు అద్దుతున్నది." దాదీ కోసం నేనే పుస్తకం తెచ్చిస్తానన్నాను. దాదీ చలికాలంలోనే పోయిందట. లోపల గాజుల చప్పుడు వినబడుతూ ఉంది. పిలవమని నేను అడగలేదు.

ఆ గ్రంథాలయంలోనే ఇంకా చాలా ఏళ్లు పనిచేసి విరమించాను. రోజ్‌నామ్చాలో రాయరాని మాట వచ్చినప్పుడు ఆ చోటు ఖాళీగా వదిలి, ఎవరినైనా అడిగి సాయంత్రంలోగా నింపాను. నా తర్వాత చేరినవారికీ అదే చెప్పాను. మనకు రాయవచ్చిన మాట కాదు, జరిగిన పని పేరు రాయాలి. ఆ పుస్తకాన్ని రేపు ఎవరు తెరుస్తారో, ఏ భాషలో చదువుతారో రాసేవారికి తెలియదు. రాదని మరోసారి అడిగి ఉంటే పంతులుగారు ఇంకొకసారి నవ్వి నేర్పేవారు. నేను అడగలేదు, పిల్లల ఎనిమిది నెలల జుమ్మాలు పోయాయి.