సున్నలు కోసిన ఉస్తాద్

ఈ సంచికలోని అక్షరాలన్నీ చేత్తో ఏరి పేర్చిన కంపోజిటర్, మా ఉస్తాద్, పోయాడు. తప్పులు చూసుకోవడానికి ఆఖరి ప్రూఫ్ తెచ్చుకుందామని నయాపూల్ వెనక గల్లీలో ఉన్న ప్రెస్సుకు వెళ్తే ఆయన ఎత్తు స్టూలు ఖాళీగా ఉంది. "పొద్దుగాల చాయ్ తాగి, చెప్పులు తొడుక్కుంటనే కూలబడ్డడట. దవాఖాన దాక గూడ ఆగలే," అన్నాడు ప్రెస్సు సేటు. తర్వాత ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. ముందు రోజు సాయంత్రం ఉస్తాద్ తీసిన ప్రూఫ్ అది. ప్రోగ్రాం పేజీలో ఒకచోట నల్లటి మచ్చ పడి ఉంది. ఆ మచ్చ ఏమిటో నాకు తెలుసు. ఈ పత్రిక చదివే మీకూ తెలియాలి. అందుకే ఇది రాస్తున్నాను.

మనది ఇంట్లో కంప్యూటర్‌ను టీవీకి తగిలించి, క్యాసెట్లలో ప్రోగ్రాములు దాచుకునేవాళ్ల పత్రిక. ఓనమాలు దాటినవాళ్ల పత్రిక. నాకు ఒళ్లు మండేది అక్కడే. తెలుగులో ఏ వ్యాసం చూసినా 'కంప్యూటర్ అంటే ఏమిటి' దగ్గర మొదలై, అక్కడే చతికిలబడుతుంది. ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కితే 'డిగ్రీ ఏంటి' అంటారు. చాంద్రాయణగుట్టలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే నాలాంటివాడికి డిగ్రీ ఎక్కడిది? జహనుమాలో ఉండే నా దోస్తుకు వాళ్ల అన్న దుబాయి నుంచి ఒక కంప్యూటర్ తెచ్చిస్తే, ఇద్దరం దాని మీద పడి నేర్చుకున్నాం. మనలాంటి వాళ్లు ఊరంతా ఉన్నారని తెలిశాక పత్రిక పెట్టాం. మొదటి సంచికకే పెద్ద ప్రోగ్రాం: టీవీ తెర మీద ఒత్తులూ గుణింతాలతో సహా తెలుగు అక్షరాలు గీసేది. పేజీలో చూసి మీరు టైపు చేసుకుంటే మీ ఇంట్లో తెలుగు వెలగాలి. వెలగకపోతే ఈ పత్రిక మిర్చిబజ్జీల బండికే.

ఆ ప్రోగ్రాం కాగితాలను మొదటిసారి చూసినప్పుడు ఉస్తాద్ పాన్ దవడకు నెట్టి అడిగాడు.

"ఏంది రా ఇది? ఇంగ్లీషా?"

"బేసిక్, ఉస్తాద్. కంప్యూటర్ భాష."

"ఒక్క వాక్యం గూడ పూర్తి లేదు. రాసుకుంట రాసుకుంట పండుకున్నవా?"

నా పని తెలిసిన రోజు నుంచి నన్ను 'కరెంటోడా' అనే పిలిచేవాడు. ఆయనకు కొన్ని అలవాట్లు ఉండేవి. టైపు పెట్టె గడిలోంచి తీసిన ప్రతి సీసపు అక్షరాన్నీ ఉఫ్ అని ఊదేవాడు, వేడి చాయ్‌ని ఊదినట్టు. చేతిలోని స్టిక్‌లో, అంటే అక్షరాలు పేర్చే ఇనప పట్టీలో, ఉన్న లైన్లను తలకిందులుగానే గడగడా చదివేవాడు. పేపరు ఇస్తే మాత్రం చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని, 'ఇది సీదా ఉన్నది, తప్పులు కనబడయ్' అని విసుక్కునేవాడు.

మొదటి ప్రూఫ్ ముత్యాల్లా వచ్చింది. నేను గంతులేస్తూ జహనుమా వెళ్లాను. నా దోస్తు పేజీలో కనబడ్డది కనబడ్డట్టు టైపు చేశాడు. రెండో పేజీ మొదట్లోనే కంప్యూటర్ మొరాయించింది. దిద్దితే తర్వాతి లైనులో. దాని తర్వాత ఇంకో చోట. కళ్లు పొడుచుకుని చూస్తే అప్పుడు తెలిసింది. మన ప్రోగ్రాముల్లో లైను నంబర్లన్నీ పదీ ఇరవై అని సున్నతోనే ముగుస్తాయి కదా. ప్రెస్సులో ఇంగ్లీషు సున్నలు మొదటి పేజీలోనే అయిపోయాయి. ఆయన ఇంగ్లీషు 'ఓ'లు పెట్టాడు. అవీ అయిపోతే, గడి నిండా ఉన్నాయి కదా అని, తెలుగు సున్నలు పెట్టాడు! 'అందం' అన్న మాటలో ఉండే సున్న!

మరునాడు ప్రెస్సులో మా ఇద్దరి లొల్లికి ట్రెడిల్ అచ్చు మిషను చప్పుడు కూడా వినబడలేదు.

"ఓ వేరు, సున్న వేరు ఉస్తాద్! మనిషైతే సమజ్ చేసుకుంటడు. అది మిషను!"

"సున్న అంటె ఏంది రా? గుండ్రంగ ఉండాలె, లోపల ఏం ఉండొద్దు. గంతే. నాకు బుద్ధి తెలిసిన కాడికెళ్లి సున్నలు పెడుతున్న, ఒక్కడు గూడ వాపస్ తేలే."

"మీ కండ్లు గిట్ల పోయినయా?"

"నా కండ్లు కాదు, నీ డబ్బాకు అక్కల్ లేదు. తీస్కపో!"

తీసుకుపోలేదు. ఎందుకంటే ఆదివారం ఆయనే జహనుమాలో దిగాడు. ఇస్త్రీ అంగీ వేసుకుని, పెళ్లిచూపులకు వచ్చినట్టు. "ఏడ ఉన్నది నీ డబ్బా? నాతోని మాట్లాడుమను," అన్నాడు. కుర్చీలో కూర్చోబెట్టాం. ఒక్క వేలితో, టైపు ఏరినట్టే వెతికి వెతికి, ఒక లైను 'ఓ'తో కొట్టాడు. తప్పు అని వచ్చింది. అదే లైను సున్నతో కొట్టాడు. తీసుకుంది. మళ్లీ 'ఓ'. మళ్లీ తప్పు. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. చిన్నపిల్లల మొండితనం చూసినట్టు కాసేపు దాన్నే చూశాడు.

"గింత చిన్నదానికి గింత నారాజ్ అయితదా? మంచిగనే ఉన్నది. నా లెక్కనే."

అప్పుడు అసలు ప్రోగ్రాం ఎక్కించాం. నలుపు తెలుపు టీవీలో 'అ' మెల్లగా, చుక్క చుక్కగా, వంపు తిరుగుతూ వచ్చింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తెర దగ్గరికి వెళ్లి ఆ అక్షరం మీద ఉఫ్ అని ఊదాడు. నేనూ నా దోస్తూ పడీపడీ నవ్వాం. ఆయన మాత్రం వేలితో 'అ' కొలుస్తున్నాడు.

"దీనికి సీసం లేదు. బరువు లేదు. అరగది," అన్నాడు. తర్వాత, "వంపు జర పక్కకు పోయింది. సీదా చేయ్," అన్నాడు. చేశాను. మీరు టైపు చేయబోయే ప్రోగ్రాంలో 'అ' తీరుగా ఉందంటే ఆ చూపు వల్లే.

సోమవారం నేను వెళ్లేసరికి ఆయన ముందు ఒక ఆకురాయి ఉంది. పక్కన కరిగించడానికి తీసి పెట్టిన పాత తెలుగు సున్నల కుప్ప. మనం చేత్తో రాసేటప్పుడు సున్నకు అడ్డంగా గీత గీస్తాం కదా, 'ఓ' కాదని తెలియడానికి. సీసం అక్షరం మీద గీత ఎక్కించలేం. "పెట్టుడు రాదు గని, తీసుడు వస్తది," అన్నాడు ఆయన. సున్న అంచును ఏటవాలుగా రెండు వైపులా కోశాడు. సిరా రాసి కాగితం మీద ఒత్తాడు. తెల్లటి సందు పడింది.

"ఇగో, సున్నకు రెండు తలుపులు పెట్టిన. ముందలొకటి, ఎనకొకటి. ఇగ నీ డబ్బాకు ఫికర్ లేదు."

అన్ని సున్నలకూ అలా తలుపులు పెట్టాలంటే ఎంత పని! ఖాళీ దొరికినప్పుడల్లా కోసేవాడు, ఇంటికీ పట్టుకుపోయేవాడు. ఆయన పక్కన నిలబడే నేను నా ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం నేర్చుకున్నాను. "చదివితె తప్పు దొరకది. చూస్తె దొరుకుతది," అనేవాడు. అందుకే ఇప్పుడు నా ప్రోగ్రాం మొరాయిస్తే కాగితాన్ని తలకిందులు చేసి, ఆఖరి లైను నుంచి పైకి చూస్తాను. అర్థం చేసుకోను, అక్షరాలను చూస్తాను. తప్పు దొరుకుతుంది. ఒకసారి మీరూ చేసి చూడండి.

ఇక ఆ నల్ల మచ్చ. కావలసిన అక్షరం చేతిలో లేకపోతే కంపోజిటర్ లైను ఆపడు. అంతే మందం ఉన్న ఇంకో అక్షరాన్ని కాళ్లు పైకి, తల కిందికి పెట్టి ముందుకు పోతాడు. ప్రూఫ్‌లో అది నల్లగా పడుతుంది. ఇక్కడికి ఒకటి రావాలి, మరిచిపోకు అని అర్థం. ఏడువందల నంబరు లైనులో, ఆ నంబరు చివరి సున్న దగ్గర ఉస్తాద్ అలా పెట్టి, ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాడు.

కర్మలయ్యాక వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య ఏడ్చి ఏడ్చి అలసిపోయి ఉంది. నన్ను చూడగానే కొంగు ముడి విప్పి ఒక సీసం ముక్క తీసింది.

"గీ సున్న నీదే గద కొడుకా? అంగి పిండుతుంటె జేబుల దొరికింది. ఇంటికొచ్చి గూడ ఇవే రుద్దుడు. ఏంది ఈ పని అంటె, తలుపులు పెడుతున్న, దర్వాజాల మేస్త్రి నైన అని నవ్వేటోడు."

చేతిలోకి తీసుకుని చూశాను. ఒకవైపే కోసి ఉంది.

ప్రెస్సులో సేటు దాన్ని చూసి, "ఆకురాయి ఈడనే ఉన్నది. రెండో దిక్కు నేను రుద్దిస్త, ఒక నిమిషం పని," అన్నాడు.

"వద్దు సేట్. గట్లనే పెట్టుండ్రి," అన్నాను. నల్ల మచ్చ పడిన చోట తలకిందుల అక్షరాన్ని తీసి, నేనే దాన్ని నిలబెట్టాను. పెట్టేముందు ఉఫ్ అని ఊదాను.

నా దోస్తు కొత్త ప్రూఫ్ చూసి మొత్తం టైపు చేశాడు. ఎక్కడా ఆగలేదు. తెర నిండా తెలుగు వచ్చింది. మీ ఇంట్లోనూ వస్తుంది. టైపు చేస్తూ ఏడువందల లైనుకు వచ్చినప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగండి. ఆ నంబరు చివర ఉన్నది 'సీ' కాదు, 'జీ' కాదు, అచ్చుతప్పు అంతకన్నా కాదు. సున్నే. పక్కనున్న వాటన్నిటికీ రెండేసి తలుపులు ఉంటాయి. దానికి ముందు తలుపు ఒక్కటే తెరిచి ఉంటుంది.